కాగితం మీద ఏడు, చేతుల్లో పాప

పసిబిడ్డల సంరక్షణ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు, అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో 22 ఏళ్లుగా పనిచేస్తున్న సీనియర్ నర్సు జవాబులు.

ప్రశ్న: నమస్తే సిస్టర్. మా పాప పుట్టి ఎనిమిది రోజులైంది. డిశ్చార్జి కాగితంలో ‘ఆప్గార్ 7, 9’ అని రాశారు. మా ఆడపడుచు ఫోన్‌లో చూసి, పదికి ఏడే వచ్చిందంటే మెదడుకి గాలి సరిగ్గా అందలేదేమో అంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పాప పాలు మాత్రం బాగానే తాగుతోంది. (ఒక తల్లి, జగిత్యాల)

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండమ్మా, ఏడు మంచి లెక్కే. బిడ్డ పుట్టాక ఒకటో నిమిషంలో ఒకసారి, ఐదో నిమిషంలో ఒకసారి మేం వేసే లెక్క ఇది. 1952లో వర్జీనియా ఆప్గార్ అనే అమెరికా మత్తు డాక్టరు దీన్ని తయారుచేశారు, అందుకే ఆ పేరు. గుండె వేగం, ఊపిరి, కాళ్లూ చేతుల బిగువు, ముట్టుకుంటే ముఖం చిట్లించడమో ఏడవడమో, ఒంటి రంగు, ఈ ఐదింటికీ ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా వేస్తాం. ఏడు, ఆ పైన వస్తే బిడ్డ బయటి గాలికి బాగానే అలవాటు పడుతున్నట్టు. మొదటి నిమిషంలోనే పదికి పది వచ్చిన పిల్లల్ని నేను చాలా అరుదుగా చూశాను, ఎందుకంటే ఒళ్లంతా ఎర్రబడినా అరచేతులు, అరికాళ్లు కాసేపు నీలంగానే ఉంటాయి, అక్కడే ఒక మార్కు పోతుంది. మీ పాపకి ఐదో నిమిషానికి తొమ్మిది వచ్చింది కదా. ఆ లెక్క ఆ గదిలో ఉన్న మాకోసం. పాప రేపు ఎలా ఎదుగుతుంది, ఎంత తెలివిగా ఉంటుంది అని దాన్ని చూసి చెప్పడానికి లేదు, మీ ఆడపడుచు గారికి కూడా ఈ మాట చెప్పండి.

మీ ఉత్తరంలో చివర ఒక ముక్క రాశారు చూడండి, పాప పాలు బాగా తాగుతోందని, నాకు ఆ ఏడు కన్నా ఈ ముక్కే ముఖ్యం. ఇప్పుడు మీరు చూడాల్సింది కాగితం కాదు, పాపని. రోజుకి ఆరేడుసార్లైనా ఒంటికి పోస్తోందా? పాలకి తనంతట తాను లేస్తోందా? పుట్టిన మొదటి రోజుల్లో పిల్లలు కొంత బరువు తగ్గడం మామూలే, పదో వంతుకు మించి తగ్గకూడదు, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువు మళ్లీ రావాలి. ఆసుపత్రిలో కాన్పయిన వాళ్ల ఇంటికి ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. 14వ రోజున వచ్చినప్పుడు తూకం వేయించండి, ఆ అంకె రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మా కోడలికి మగబిడ్డ పుట్టి ఐదు రోజులు. బొడ్డుకి ఆముదం పెట్టొద్దు, సాంబ్రాణి వేయొద్దు అని నర్సమ్మ గట్టిగా చెప్పి పంపింది. నేను ముగ్గురు పిల్లల్ని అలాగే పెంచాను. బాబు పాదాలు చల్లగా ఉంటున్నాయని రెండు దుప్పట్లు చుడుతున్నాం. ఏం చేయమంటారు? (ఒక నాయనమ్మ, తణుకు)

జవాబు: అమ్మా, ముగ్గుర్ని పెంచిన చేతులు మీవి, ఆ చేతులు బాబుకి కావాలి. మీ కోడలు రాత్రంతా మేలుకుని పాలిస్తుంటే పగలు బాబుని ఎత్తుకునేది మీరే. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

బొడ్డుకి ఏమీ పెట్టకండి. ఆముదం, పసుపు, పౌడరు, బూడిద, ఏదీ వద్దు. అది ఎండి దానంతట అదే ఊడాలి, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో ఊడిపోతుంది. లంగోటీ బొడ్డు కిందికి మడిచి కట్టండి, తడి తగలకుండా. ఒకప్పుడు బొడ్డు దగ్గర మురికి చేరి ఎంతమంది పసివాళ్లు ధనుర్వాతంతో పోయారో మీ తరానికి తెలుసు. గర్భిణులకి టీకాలు, శుభ్రమైన కాన్పులు, శుభ్రమైన బొడ్డు, వీటివల్లే మన దేశంలో బాలింతలకి, పసిపిల్లలకి వచ్చే ధనుర్వాతాన్ని అదుపు చేశామని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడినా, చీము కారినా, చెడు వాసన వచ్చినా ఆ రోజే చూపించండి.

ఇక పాదాలు. మీ అరచేతి వెనక వైపు ముందు బాబు పొట్ట మీద, తర్వాత అరికాలి మీద పెట్టి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బాబు హాయిగా ఉన్నట్టే. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలికి ఇబ్బంది పడుతున్నాడు. పొట్ట కూడా చల్లబడితే ప్రమాదం, వెంటనే బయల్దేరాలి. ఒక చలికాలం రాత్రి మూడు దుప్పట్లలో చుట్టి, ఉన్ని టోపీ పెట్టి ఒక బిడ్డని మా వార్డుకి తెచ్చారు. ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోతే లోపల లంగోటీ, దాని కింది గుడ్డ తడిసి ముద్దయి ఉన్నాయి, పొట్ట మంచులా ఉంది. పైన ఎన్ని కప్పినా లోపల తడి ఉంటే వేడి నిలవదు. ఆ బిడ్డని తుడిచి తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పాం, కాసేపటికి పాదాలకి వెచ్చదనం వచ్చింది. అందుకని దుప్పటి పెంచే ముందు విప్పి చూడండి. వేసవిలో మాత్రం రెండు దుప్పట్లు చుడితే వేడెక్కి జ్వరంలా కూడా అవుతుంది, అది గుర్తుంచుకోండి.

సాంబ్రాణి పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకి మంచిది కాదు, మెత్తటి గుడ్డతో తల తుడిస్తే చాలు. కాటుక వద్దు, కొన్నింటిలో సీసం ఉంటుంది. బొడ్డు ఊడాక మీ కాళ్ల మీద వేసుకుని లాలపోయండి, కొబ్బరినూనెతో మెల్లగా ఒళ్లు రుద్దండి, అది ఎవరూ కాదనరు. ముక్కులో, చెవుల్లో నూనె మాత్రం పోయకండి. బాబు రొమ్ములు ఉబ్బినట్టు కనిపిస్తే పిండకండి, తల్లి హార్మోన్ల వల్ల అలా ఉంటుంది, దానంతట అదే తగ్గుతుంది.

ప్రశ్న: మూడో రోజుకి బాబు కళ్లు పచ్చబడ్డాయి. పొద్దున ఎండలో పడుకోబెడితే పోతుందంటున్నారు, నిజమేనా? (ఒంగోలు)

జవాబు: రెండు మూడు రోజులకి వచ్చి వారం, పది రోజుల్లో తగ్గే కామెర్లు చాలామంది పిల్లల్లో ఉంటాయి. ఎండ మందు కాదు, ఆసుపత్రిలో పెట్టే నీలి లైటు వేరు. పగటి వెలుతురులో బాబు చర్మాన్ని వేలితో నొక్కి వదలండి, నొక్కినచోట పచ్చగా కనిపిస్తే కామెర్లున్నట్టు. ముఖం నుంచి కిందికి దిగి అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చదనం వచ్చినా, పుట్టిన 24 గంటల్లోపే కనిపించినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగకపోయినా ఎండ కోసం చూడకుండా రక్తపరీక్షకి తీసుకెళ్లండి. పాలు ఆపకండి.

ప్రశ్న: డల్లాస్‌లో మా అమ్మాయికి పాప పుడితే మడమ గుచ్చి రెండుసార్లు రక్తం తీశారు. వచ్చే నెల ఇక్కడ మా కోడలి కాన్పు. ఇక్కడా చేయించాలా? (విజయవాడ)

జవాబు: పుట్టుకతో వచ్చే కొన్ని లోపాల్ని ముందే పట్టడానికి చేసే పరీక్ష అది. డల్లాస్ ఉన్న టెక్సాస్‌లో ప్రతి బిడ్డకీ ఆ పరీక్ష రెండుసార్లు చేస్తారు, 24 నుంచి 48 గంటల మధ్య ఒకసారి, రెండో వారంలో ఇంకోసారి. మన దగ్గర అన్ని ఆసుపత్రుల్లో చేయరు, మీరే అడగాలి. థైరాయిడ్ పరీక్ష ఒక్కటైనా తప్పక చేయించండి. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డ పుట్టినప్పుడు అందరిలాగే కనిపిస్తుంది, మొదటి వారాల్లోనే మాత్ర మొదలుపెడితే మెదడు బాగా ఎదుగుతుంది, ఆలస్యమైతే ఆ నష్టాన్ని తర్వాత పూడ్చలేం. మేనరికమైతే మిగతా పరీక్షల గురించీ డాక్టరుతో ముందే మాట్లాడండి.

ప్రశ్న: పదిరోజుల బాబు నిద్రలో గబగబా ఊపిరి తీస్తాడు, మధ్యలో ఆగినట్టుంటాడు. భయమేస్తోంది. (ఒక తండ్రి, మహబూబ్‌నగర్)

జవాబు: పసిపిల్లలు అలా గబగబా తీసి, ఐదు పది సెకన్లు ఆగి మళ్లీ తీయడం మామూలే. అందుకే పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించడం వీళ్లకి పనికిరాదు. ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట లేచి దిగడం చూస్తూ నిండా నిమిషం లెక్కపెట్టండి. 60 లోపు ఉంటే ఫర్వాలేదు. 60 కానీ, అంతకు మించి కానీ వస్తే మళ్లీ ఒక నిమిషం లెక్కపెట్టండి, రెండోసారీ అంతే ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా, మూలుగుతున్నా, ఇరవై సెకన్లు ఆగినా, నాలుక, పెదవులు నీలంగా మారినా, పాలు మానేసినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి, తెల్లారనిద్దాం అనుకోవద్దు. బండి వచ్చేలోగా బాబుకి టోపీ, పొడి లంగోటీ మాత్రం ఉంచి వాళ్లమ్మ గుండెల మీద నిటారుగా, ముక్కు తెరుచుకుని ఉండేలా ఆనించండి, పైన ఒక దుప్పటి కప్పండి, ఆసుపత్రి దాకా అలాగే తీసుకెళ్లండి.