మాత్రలు ఆపేసి ఆ డబ్బు సిప్‌లో పెట్టొచ్చా?

ప్రశ్న: మా వారికి 38 ఏళ్లు. నాలుగేళ్ల కిందట బైపోలార్ డిజార్డర్ (మూడ్ ఒకసారి విపరీతంగా పెరిగి, ఒకసారి కుంగిపోయే జబ్బు) అని తేలింది. ఏడాది వాడాక, బాగానే ఉన్నానంటూ మాత్రలు మానేశారు. మేనియా (నిద్ర లేకుండా హుషారు, ఖర్చులు అదుపు తప్పే దశ) వచ్చింది. లోన్ యాప్‌లు, క్రెడిట్ కార్డు కలిపి 2.5 లక్షలు అప్పు చేశారు. ఆసుపత్రికి 1.4 లక్షలైంది, మూడు నెలలు జీతం లేదు. ఆ తర్వాత లిథియం క్రమం తప్పకుండా వేసుకుంటున్నారు. రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. ఆయన జీతం 52 వేలు, నాది 28 వేలు. మాత్రలు, పరీక్షలు, డాక్టరు ఫీజు కలిపి నెలకు 2,500 అవుతోంది. ఇక మాత్రలు ఆపేసి ఆ డబ్బుతో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే మదుపు) కట్టమని మా మరిది అంటున్నాడు. పాత అప్పు ఇంకా 1.2 లక్షలు ఉంది. నా నగల మీద 2 లక్షలు తెచ్చి ఒక ప్లాటుకు అడ్వాన్సు ఇవ్వాలని కూడా ఉంది. సలహా ఇవ్వగలరు.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మాత్రలు ఆపాలా, మోతాదు తగ్గించాలా అన్నది తేల్చాల్సింది డాక్టరు. మీ మరిదీ కాదు, నేనూ కాదు. అయినా మీ ఉత్తరాన్ని పక్కన పెట్టలేకపోయాను. మనిషి కుదుటపడ్డాడు కదా, మందుల పద్దు కొట్టేద్దాం అనే లెక్క చాలా ఇళ్లలో వేస్తున్నారు. కుదుటపడింది ఆ మందుల వల్లేనేమో అన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు.

మీరిచ్చిన అంకెలే తీసుకుందాం. నెలకు 2,500 అంటే ఏడాదికి 30 వేలు. మానేసిన ఆ ఒక్కసారి ఎంత పోయింది? అప్పు 2.5 లక్షలు, ఆసుపత్రి 1.4 లక్షలు, రాని జీతం 1.56 లక్షలు. వడ్డీ కలపకుండానే 5.46 లక్షలు. పద్దెనిమిదేళ్ల మందుల ఖర్చు! ఏ సిప్ ఈ గండి పూడుస్తుందో మీ మరిదినే చెప్పమనండి.

మేనియాకు లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లోనే రాశారు. ఏళ్ల తరబడి వాడితే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని 1960ల్లో డెన్మార్క్‌లో బాస్ట్రుప్, షౌ చూపించారు. ఆత్మహత్య ముప్పును తగ్గిస్తుందనడానికీ ఆధారాలున్నాయి. హఠాత్తుగా ఆపేస్తే మాత్రం తర్వాతి కొద్ది నెలల్లోనే మేనియా వచ్చే ప్రమాదం ఎక్కువ. ఇది మీరు చూసిందే.

నా అసలు మాట ఇక్కడ మొదలవుతుంది. 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో బ్యాలెన్స్ అనే పరిశోధన వచ్చింది. బైపోలార్ ఉన్న 330 మందిని మూడు జట్లుగా చేసి రెండేళ్ల వరకు గమనించారు. ఆ లోపు మూడ్ మళ్లీ దెబ్బతిని కొత్తగా చికిత్స అవసరమైనవారు వాల్‌ప్రోయేట్ (ఇదే జబ్బుకు వాడే మరో మందు) ఒక్కటే ఇచ్చిన జట్టులో 69 శాతం, లిథియం ఒక్కటే ఇచ్చిన జట్టులో 59 శాతం, రెండూ కలిపి ఇచ్చిన జట్టులో 54 శాతం. అంటే మంచి మందు రాసిచ్చినా సగానికి పైగా మందికి మధ్యలో ఏదో ఒక ఒడుదొడుకు వచ్చింది. అందరికీ ఆసుపత్రి దాకా రాకపోవచ్చు. కానీ మందు ముప్పును తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీసేయదు. ఆ మిగిలిన ముప్పుకు మీ దగ్గర ఏముంది? ఇంత వివరంగా రాసిన మీరు అత్యవసర నిధి గురించి ఒక్క ముక్క రాయలేదు. లేదనే అనుకుంటున్నాను.

మామూలు ఇళ్లకు మూడు, నాలుగు నెలల ఖర్చు చాలంటాను. మీకు చాలదు. జీతం ఆగడం, ఆసుపత్రి బిల్లు మీ ఇంట్లో ఒకేసారి వస్తాయి. ఇంటి ఖర్చు 50 వేలనుకుంటే ఆరు నెలలకు 3 లక్షలు, ఒకసారి అడ్మిషన్‌కు మరో లక్షన్నర. నెలకు 15 వేల చొప్పున వేస్తే రెండున్నరేళ్లు పడుతుంది. మొదటి లక్షన్నర చేరేవరకు పాత అప్పును ముందుగా తీర్చే తొందర వద్దు, ఈఎంఐ తప్పకపోతే చాలు. ఈ డబ్బు మీ ఒక్కరి పేరు మీదే ఉండాలి. ఆయన ఫోన్‌లోని యూపీఐకి ఆ ఖాతాను కలపొద్దు. ఇదంతా ఆయన బాగున్న ఈ రోజుల్లోనే కూర్చుని, ఆయన ఒప్పుకోలుతో చేయండి. దాచిపెట్టి చేస్తే రేపు అదే గొడవకు మూలమవుతుంది. క్రెడిట్ కార్డు పరిమితిని కూడా 20 వేలకు తగ్గించమని బ్యాంకుకు ఆయనతోనే రాయించండి.

ఇంకో సంగతి. ఆర్‌బీఐ నియంత్రణలో ఉన్న సంస్థలు యాప్‌లో ఇచ్చే లోన్లకు కనీసం ఒక రోజు వెనక్కి తగ్గే గడువుంటుంది. ఆలోపు అసలు, అప్పటివరకైన వడ్డీ కట్టేస్తే పెనాల్టీ ఉండదు, ప్రాసెసింగ్ ఫీజు పోవచ్చు. నిద్ర తగ్గి, మాటల వేగం, ఖర్చులు పెరుగుతున్నాయంటే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకు మెసేజీలు చూడండి.

ఇక నగలు. మీ ఇంట్లో చివరి ఆసరా అవే, వాటిని ప్లాటు అడ్వాన్సుకు కుదువ పెడతారా? పాత అప్పు తీరలేదు, నిధి లేదు, రిజిస్ట్రేషన్‌కు మిగతా డబ్బు ఎక్కడిదో కూడా మీరు రాయలేదు. వద్దు. దీనిపై ఇంతకంటే రాయను.

ఆరోగ్య బీమా విషయానికొస్తే, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 సెక్షన్ 21(4) ప్రకారం శారీరక జబ్బులతో సమానంగా వీటికీ బీమా ఇవ్వాలి. కంపెనీ గ్రూప్ పాలసీలో ఇది వర్తిస్తుందో లేదో ఆయన హెచ్ఆర్‌తో రాతపూర్వకంగా చెప్పించుకోండి. సొంత పాలసీ తీసుకుంటే జబ్బు సంగతి దాచొద్దు, క్లెయిమ్ పోతుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ మూడేళ్లకు మించకూడదు, కాబట్టి ఈ ఏడాదే మొదలుపెట్టండి. నెలవారీ మాత్రలకు చాలా పాలసీలు పైసా ఇవ్వవు. టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) మీ పేరు మీద కూడా ఒకటి ఉండాలి.

2,500 బరువనిపిస్తే ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో కనుక్కోండి. లిథియం స్థాయి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షల్లో మాత్రం కోత పెట్టొద్దు. డాక్టరును అడగకుండా బ్రాండ్ మార్చొద్దు. రాత్రివేళ ఎవరినైనా అడగాల్సి వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

సిప్ సంగతి నిధి నిండాక రాయండి.