పనితనమంతా ఉండి మనసును తాకని కళను తెలుగులో ఏమంటారు?

ఒక బొమ్మ చూశారు, గీతల్లో, రంగుల్లో ఎక్కడా లోపం లేదు, అయినా మనసులో ఏమీ కదల్లేదు, దీనికి తెలుగులో మాట ఉందా అని అడిగారు. ఉంది, మనం రోజూ వాడేదే: "బొమ్మలో కళ లేదు."

చిత్రలేఖనాన్నీ, సంగీతాన్నీ కళ అంటాం. మొహంలోని వెలుగునూ కళ అనే అంటాం. జ్వరం తగ్గి లేచినవాళ్లను చూసి "మొహంలో కళ తప్పింది" అన్నప్పుడు కళ్లూ, ముక్కూ ఎక్కడివక్కడే ఉంటాయి, పోయింది ఇంకేదో. మీరు చూసిన బొమ్మ సంగతీ అదే. నేనైతే "పనితనం ఉంది, కళ లేదు" అని రాస్తాను. "జీవం లేదు" అన్నా సరిపోతుంది కానీ, ఆ మాట పనితనం లేని బొమ్మకీ వాడేస్తాం.

నీరసం అంటే నిజానికి రసం లేనిదనే. కానీ ఇప్పుడు "పాట నీరసంగా ఉంది" అంటే పాడినవాళ్లకు ఓపిక లేదనుకుంటారు. మీరు చెప్పే రకం కళలో ఓపికకు కొదవుండదు కాబట్టి ఆ మాట పనికిరాదు. కవిత్వం విషయంలో మాత్రం పాత పేరు ఒకటి ఉంది: చిత్రకావ్యం. రసభావాల మీద దృష్టి లేకుండా చమత్కారం కోసమే కట్టినదాన్ని 9వ శతాబ్దంలో సంస్కృత కావ్యశాస్త్రం రాసిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం అనే గ్రంథంలో అలా పిలిచాడు. అది కావ్యం కాదు, కావ్యానికి అనుకరణ అన్నాడు. అక్షరాలు చక్రం ఆకారంలో, పాము ఆకారంలో అమరేలా కట్టే చక్రబంధం, నాగబంధం లాంటి పద్యాలు రాయడానికి ఎంత నేర్పు కావాలి! ఒక్క అక్షరం తప్పినా బంధం చెడుతుంది. ఆ నేర్పును ఆయన కాదనలేదు, దానికి వేరే పేరు పెట్టాడు. నాకు ఆ పద్ధతి చాలా నచ్చుతుంది.

పాటకీ, నాట్యానికీ అన్నిటికంటే సరైన మాట నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. కొన్నేళ్లు గాత్రం నేర్చుకున్నాక, కల్యాణి రాగంలో ఒక కృతిని, సంగతులన్నీ (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) వరసగా, తాళం తప్పకుండా మా టీచర్ ముందు పాడాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తప్పేమీ లేదమ్మా. అప్పజెప్పావు" అన్నారు. అంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రికార్డు చేసుకున్నది మళ్లీ విన్నాను. తర్వాతి సంగతికి ఊపిరి చాలదన్న టెన్షన్‌తో మాటల్ని మధ్యలో విరిచేశాను. దేవుణ్ణి బతిమాలే చోట కూడా గొంతు అదే ఎత్తులో, అదే బిగువులో ఉంది. నా ధ్యాసంతా వరస మరిచిపోకూడదన్న దాని మీదే ఉంది. అప్పజెప్పడమంటే అదే కదా, చెప్పినది చెప్పినట్టు తిరిగి ఇచ్చేయడం. నా దగ్గర ఏమీ ఉంచుకోలేదు, నాది ఏమీ కలపలేదు. "యాంత్రికంగా ఉంది" అని ఉంటే బాధపడి ఊరుకునేదాన్ని. "అప్పజెప్పావు" అన్నారు కాబట్టి ఏం దిద్దుకోవాలో తెలిసింది.

తర్వాత ఒక వారం ఆవిడ నన్ను పాడనివ్వలేదు. సాహిత్యాన్ని ఎదుటి మనిషితో మాట్లాడుతున్నట్టు చదవమన్నారు. ఆ తర్వాత సగం సంగతులు తీసేసి పాడించారు. తీసేసినవి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, కొన్ని రానేలేదు, వాటి అవసరమూ కనిపించలేదు.

మీరు ఆ చిత్రకారుడికే నేరుగా చెప్పదలుచుకుంటే, "కళ లేదు" అని వదిలేయకండి. బొమ్మలో మీ చూపు ఎక్కడా నిలవకుండా జారిపోయి ఉంటే ఆ చోటు చూపించి చెప్పండి.