ఎకోలో ఊపిరితిత్తుల ప్రెషర్ ఎక్కువన్నారా? వీక్యూ స్కాన్ గురించి అడగండి

మీ అమ్మగారికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, ఎకోలో (గుండె స్కాన్‌లో) ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ ఎక్కువగా ఉందన్నారని, ఇక జీవితాంతం మాత్రలేనా అని అడిగారు. మా నాన్నకూ ఇదే వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

నాన్నకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక నెలన్నర మంచం మీదే ఉన్నారు. లేచి తిరగడం మొదలుపెట్టాక ఆయాసం. ఆస్తమా అన్నారు, ఏడాది పాటు ఇన్‌హేలర్ వాడాం. పాదాలు వాచాక ఎకో తీస్తే గుండె కుడివైపు ఉబ్బి ఉంది. అప్పుడు కొత్త డాక్టర్ అడిగారు, "మంచాన ఉన్నప్పుడు కాలు వాచిందా?" అని. ఎడమ పిక్క వాచింది. నూనె రాసి ఊరుకున్నాం. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

వీక్యూ స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో గాలి ఎక్కడికి వెళ్తోంది, రక్తం ఎక్కడికి వెళ్తోంది అని పోల్చి చూస్తారు. నాన్నకు గాలి అంతటా చేరుతోంది, రక్తం కొన్ని భాగాలకు అసలు పోవడం లేదు. అప్పుడు వాచిన కాలి నుంచి వచ్చిన రక్తపు గడ్డలు కరగకుండా నాళాల గోడలకు మచ్చల్లా అతుక్కుపోయాయి. ఇలా పాత రక్తపు గడ్డల వల్ల ఊపిరితిత్తుల నాళాల్లో ప్రెషర్ పెరగడాన్ని సీటీఈపీహెచ్ అంటారు. మామూలు సీటీలో ఇది ఒక్కోసారి కనిపించకపోవచ్చు. ఈ స్కాన్ న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది.

రక్తం పలచబడే మందు మూడు నెలలు వాడాక, గుండెలోకి సన్నని గొట్టం పంపి ప్రెషర్ కొలిచారు. ఊపిరితిత్తుల నాళాల్లో సగటు ప్రెషర్ 20 mmHg దాటితే ఎక్కువ కింద లెక్క. నాన్నకు 48. ఆపరేషన్ పెద్దదే. శరీరాన్ని దాదాపు 20 డిగ్రీలకు చల్లబరిచి, రక్తప్రసరణను కొద్దికొద్ది నిమిషాలు ఆపి, నాళాల లోపలి పొరతో సహా ఆ గడ్డల్ని ఒలిచి తీశారు. సర్జన్ ట్రేలో చూపించారు, మొక్క వేళ్లలా కొమ్మలు కొమ్మలుగా, తెల్లగా. ఆరు నెలలకు నాన్న మళ్లీ పొలం గట్టు మీద నడిచారు.

అందరికీ ఆపరేషన్ కుదరదు. గడ్డలు మరీ సన్నని నాళాల్లో ఉంటే బెలూన్‌తో తెరుస్తారు, లేదా ఆ ప్రెషర్ తగ్గించే రియోసిగువాట్ మాత్ర ఇస్తారు. అమ్మగారి ప్రెషర్‌కు గుండె ఎడమవైపు జబ్బో, ఊపిరితిత్తుల జబ్బో కూడా కారణం కావచ్చు, అప్పుడు వైద్యం వేరు. అందుకే డాక్టర్‌ని సూటిగా అడగండి: "పాత గడ్డలు లేవని వీక్యూ స్కాన్‌తో తేల్చారా?"

ఈలోగా ఇచ్చిన మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. వాటిలో సిల్డెనఫిల్ (ఈ ప్రెషర్ తగ్గించే మందు) ఉంటే, ఛాతీ నొప్పి వచ్చిందని ఎవరైనా నాలుక కింద సార్బిట్రేట్ (గుండెనొప్పి మాత్ర) పెట్టబోతే వద్దని అడ్డుకోండి. ఆ రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.