డ్రాగన్ కథ ముగింపు నచ్చలేదు, ఏం చేయను?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నేను హనుమకొండలో బీటెక్ సెకండియర్ చదువుతున్నాను. ఎండాకాలం సెలవుల్లో క్రిస్టఫర్ పావొలీని రాసిన ఎరగాన్ నవలలు నాలుగూ చదివాను. మొదటి మూడూ వదలబుద్ధి కాలేదు. ఆఖరిది 'ఇన్‌హెరిటెన్స్' పూర్తయ్యాక మాత్రం రెండు రోజులు మనసు మనసులో లేదు. అంతమందిని పొట్టన పెట్టుకున్న దుష్ట రాజు గాల్బటోరిక్స్ ఒక్క మంత్రంతో, అదీ మనసుకు బాధ తెలిసేలా చేసే మంత్రంతో పోవడమేంటి? డ్రాగన్ మీద స్వారీ చేసే హీరో ఎరగాన్, తను అంత ప్రేమించిన ఎల్ఫ్ యువతి ఆర్యను వదిలి దేశం దాటిపోవడమేంటి? "పిల్లల పుస్తకానికి ఇంత ఫీలవుతావా" అని రూమ్మేట్లు నవ్వుతున్నారు. ఇంకో పెద్ద సిరీస్ మొదలుపెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది. నేను ఎక్కువ ఆశించానా?
– పేరు వద్దు, హనుమకొండ

జవాబు: ఎక్కువేమీ ఆశించలేదమ్మా. రెండు వేల పేజీలు దాటిన కథను నమ్మి వెంట నడిచినదానివి, గట్టి ముగింపు అడిగే హక్కు నీకుంది. కాకపోతే నువ్వు చెప్పిన రెండు కారణాలనూ నేను ఒప్పుకోను. ఆ పుస్తకం మీద నాకూ కోపముంది, అది వేరే చోట.

2011 నవంబరులో ఆ నాలుగోది వచ్చినప్పుడు నేను ఒక స్కూలు లైబ్రరీ చూసేదాన్ని. ఉన్నది ఒకే కాపీ. తొమ్మిదో తరగతి పిల్లలు వంతులేసుకుని చదివితే సంక్రాంతి నాటికే అట్ట ఊడొచ్చింది. ఫెవికాల్ రాసి ఆరబెట్టి, ఆ వంకన నేనూ చదివేశాను. అప్పుడు ఆ పిల్లలు అడిగినవీ ఇంచుమించు నీ ప్రశ్నలే.

ఈ కథలో నన్ను పట్టేసింది డ్రాగన్ కాదు, మంత్రానికి రచయిత పెట్టిన లెక్క. ఒక రాయిని చేత్తో ఎత్తడానికి ఎంత శక్తి పడుతుందో, మంత్రంతో ఎత్తినా ఒంట్లోంచి అంతే పోతుంది. మోయలేనిది మోయబోతే ప్రాణమే పోతుంది. మొదటి పుస్తకంలో కొమ్ములుండే రాక్షసజాతి ఉర్గల్‌ల మీద తొలిసారి మంత్రం వేసిన ఎరగాన్ ఎంత నీరసించిపోతాడో గుర్తుందా? పదిహేనేళ్ళ వయసులో రాయడం మొదలుపెట్టిన కుర్రాడు పావొలీని. 2002లో అమ్మానాన్నలే సొంతంగా అచ్చు వేస్తే, అట్ట మీద డ్రాగన్ కన్ను తనే గీసుకుని, పాతకాలపు వేషం కట్టి స్కూళ్ళ చుట్టూ తిరిగి అమ్ముకున్నాడు. ఆ వయసులో అంత పకడ్బందీ లెక్క కట్టాడంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఆ లెక్క తప్పింది ఆఖరి పుస్తకంలో. ఎల్డునరి సంగతి మూడో పుస్తకంలోనే తెలిసింది. డ్రాగన్ ఒళ్ళు పోయినా దాని మనసూ శక్తీ నిలిచి ఉండే రాయి అది. రాజు బలమంతా అలాంటి రాళ్ళను చెరబట్టడం వల్లే వచ్చింది. అంతవరకూ బాగుంది. తీరా ఎరగాన్‌కు దారులన్నీ మూసుకుపోయాక, వ్రోయెన్‌గార్డ్ దీవిలో వందకు పైగా ఎల్డునరి, వాటితోపాటు డ్రాగన్ గుడ్లూ బయటపడ్డాయి. ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు తెలియలేదంటే, అందరి మనసుల్లోంచి ఆ సంగతి మంత్రంతో చెరిపేశారట! సూచన మొదటి పుస్తకంలోనే ఉంది, కాదనను. సోలెంబమ్ అనే మాయపిల్లి, అవి దాగి ఉన్న ఆత్మల గది గురించి చెప్పనే చెప్పింది. ఆ తలుపు తెరవడానికి తన నిజనామం, అంటే తన స్వభావాన్నంతా చెప్పే అసలు పేరు వెతుక్కుంటూ ఎరగాన్ పడ్డ తిప్పలు కూడా మెచ్చుకోదగ్గవే. కానీ తలుపు తెరిచాక దొరికిన బలం మరీ ఎక్కువ. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని తెలిశాక కూడా బాలవర్ధిరాజు దాన్ని పట్టి తేవాల్సిందే. ఇక్కడ చిలకల గుంపే ఎదురొచ్చి భుజాన వాలింది. అసలు మోసం అక్కడ జరిగిందని నా అభిప్రాయం.

ఇంకొకటి. మొదటి మూడు పుస్తకాల్లో గాల్బటోరిక్స్ మన కళ్ళెదుటికి రాడు. మూడోదాంట్లో తన చెప్పుచేతల్లో ఉన్న డ్రాగన్ రౌతు మర్టాగ్ నోటితో మాట్లాడతాడు, అంతే. మొహం చూడని మనిషి మీద పగ పెంచుకున్నాం. చూసేసరికి, నెమ్మదిగా మాట్లాడే రాజు. మంత్రగాళ్ళందరికీ కళ్ళెం వేస్తేనే బలహీనులకు న్యాయం జరుగుతుందని వాదిస్తాడు. తిరుగుబాటుదళం నాయకురాలు నసువాడాను బంధించి ఆమె పట్టుదల విరవాలని చూసే అధ్యాయాలు ఆ పుస్తకం మొత్తానికీ గొప్పవి. అలాంటివి రెండో పుస్తకం నుంచే పడి ఉంటే రాజు చావు నీకు వెలితిగా అనిపించేది కాదు. వాటి బదులు మనకు దొరికింది కోట తర్వాత కోట ముట్టడి. అసలు ఇది మూడు పుస్తకాల్లో ముగించాలనుకున్న కథ. మూడోదాన్ని రెండుగా చేస్తున్నట్టు 2007లో ప్రకటించారు. సాగదీత నాకు ఎక్కువగా కనిపించింది ఆ ముట్టడుల్లోనే.

ఇక మంత్రం సంగతి. ఇక్కడ మాత్రం నీతో పోట్లాడతాను. ఎల్వా గుర్తుందా? పసిబిడ్డగా ఉన్నప్పుడు ఎరగాన్ దీవించబోయి, మంత్రాలకు వాడే ప్రాచీన భాషలో వ్యాకరణం తప్పి శపించేశాడు. పక్కవాళ్ళ నొప్పి, భయం, దుఃఖం అన్నీ ఆ పిల్ల ఒంటికి తెలుస్తాయి. సింహాసనం ముందు ఆఖరి పోరాటానికి ఆ పిల్లనూ తీసుకెళ్తారు. రాజు తన బలంతో ఆమె నోరు కట్టేస్తాడు. మాటలతో వేసే ఏ మంత్రాన్నైనా అడ్డుకోగల పేరు, అంటే ఆ ప్రాచీన భాష అసలు పేరు అతని చేతిలో ఉంది. ఇక ఎరగాన్‌కు మిగిలింది మాట లేని మంత్రం ఒక్కటే. దాంతో ఏం చేశాడు? రాజు వల్ల ఎవరెవరు ఎంత ఏడ్చారో అతనికే తెలిసేలా చేశాడు. ఎల్వాకు తెలియక చేసిన పనినే రాజుకు తెలిసి చేశాడు. కత్తితో పొడిచి చంపి ఉంటే మూడు పుస్తకాలుగా ఆ పిల్ల పడ్డ బాధకు అర్థమే ఉండేది కాదు.

ఆర్య విషయంలో నీ బాధ నాకు తెలుసు, బాధపడొద్దని అనను. అయినా రచయిత మాట తప్పలేదు. టీర్మ్ ఊళ్ళో మూలికలమ్మే మంత్రగత్తె ఏంజెలా ఎముకలు వేసి ఎరగాన్‌కు జోస్యం చెప్పినప్పుడే, నువ్వు ఈ దేశం శాశ్వతంగా వదిలి వెళ్తావు, తప్పించుకోలేవు అని చెప్పింది. ప్రేమ ఉందంది, అది సుఖాంతమవుతుందని మాత్రం అనలేదు. యుద్ధంలో తల్లిని పోగొట్టుకుని రాణి అయిన ఆర్య తన జనాన్ని వదిలి ప్రేమ వెంట వెళ్ళిపోతే, ఆమె నువ్వు ఇన్నాళ్ళూ ఇష్టపడిన ఆర్య అయ్యేది కాదు. వెళ్ళేముందు ఇద్దరూ తమ నిజనామాలు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ లోకంలో నిజనామం తెలిసినవాడు మనిషిని పూర్తిగా శాసించగలడు. అంతటిది ఇచ్చిపుచ్చుకోవడం పెళ్ళికి తక్కువేమీ కాదు.

రూమ్మేట్లకు జవాబు చెప్పక్కర్లేదు. వాళ్ళలో కాస్త చదివే అలవాటున్న అమ్మాయికి మొదటి పుస్తకం ఇచ్చి ఊరుకో.

కొత్త సిరీస్ అంటే టెన్షనైతే, పూర్తయినవే ఎంచుకో, నచ్చకపోతే మధ్యలోనే ఆపేయి. ఈ లోకాన్నే వదల్లేకపోతే 2023లో 'మర్టాగ్' అని ఇంకో నవల వచ్చింది. యుద్ధం ముగిశాక ఎర్ర డ్రాగన్ థార్న్‌తో కలిసి మర్టాగ్ తిరిగే కథ. ఎరగాన్, ఆర్య మళ్ళీ కలుస్తారన్న ఆశతో మాత్రం తెరవకు. దానికంటే ముందు రెండో పుస్తకంలో ఎల్వా వచ్చే అధ్యాయాలు ఇంకోసారి చదువు. అప్పటికీ రాజు చావు తేలిపోయిందనే అనిపిస్తే, ఎందుకో వివరంగా రాసి పంపు. ఈ పేజీలోనే వేస్తాను.