తాతగారి బొమ్మలో కోటు కాదు, చేతులు చూడండి

ప్రశ్న: విజయనగరంలో మా పాత ఇంట్లో మావారి ముత్తాతగారి ఆయిల్ పెయింటింగ్ ఉంది. తలపాగా, నల్ల కోటు, పక్కన బల్ల మీద పుస్తకాలు, వెనక పెద్ద స్తంభం. సంస్థానంలో పెద్ద ఉద్యోగి అని కొందరు, బడిపంతులని కొందరు అంటారు. బొమ్మ చూసి తెలుసుకోవచ్చాండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: కొంతవరకు తెలుసుకోవచ్చమ్మా. ముందు ఆ స్తంభాన్ని లెక్కలోంచి తీసేయండి. స్తంభం, పరదా యూరప్ రాజుల చిత్రాల నుంచి వచ్చిన అలవాటు, తర్వాత ఫోటో స్టూడియోల్లో ఎవరు కూర్చున్నా వెనక అవే ఉండేవి. కోటూ తలపాగా కూడా ఈయన పరువున్న మనిషి అని చెబుతాయి గానీ ఏం పని చేసేవారో చెప్పవు.

పని తెలిసేది చేతుల దగ్గర, బల్ల మీద. జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ 1532లో గీసిన గీజె అనే వర్తకుడి బొమ్మ చూడండి, చేతిలో విప్పుతున్న ఉత్తరం, ముందు నాణేలు, ముద్ర, వెనక త్రాసు, ఇక పేరు తెలియకపోయినా వ్యాపారి అని ఎవరైనా చెప్పేస్తారు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1632లో వేసిన, శవాన్ని కోసి పాఠం చెబుతున్న డాక్టర్ టుల్ప్ చిత్రం నాకు ఇంకా ఇష్టం. శవం చుట్టూ అంతమంది ఉన్నా టోపీ టుల్ప్ ఒక్కడికే, అది హోదా. ఆయన చేతిలో పట్టకారు శవం ముంజేతి కండరాలను పైకెత్తుతోంది, అది వృత్తి. మన ఊరి సంగీత కళాశాలలో పనిచేసిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి బొమ్మ గీయమంటే ఎవరైనా ముందు చేతికి వయొలిన్ ఇస్తారు కదా, ఇదీ అంతే.

ఇక మీ పుస్తకాలు. అట్టల మీద పేర్లేమీ లేకుండా దొంతరగా పెట్టి ఉంటే అవి చదువుకున్నవాడని చూపడానికి పెట్టినవే, వాటిని బట్టి పంతులనుకోవద్దు. అదే ఒక పుస్తకం మీద పేరు చదవగలిగేలా ఉన్నా, తెరిచిన పేజీలో లెక్కల గళ్లు కనిపించినా చిత్రకారుడు అంత శ్రమ ఊరికే పడడు, అసలు సంగతి అక్కడే ఉంటుంది. కోటుకి పతకం ఉందా? ఉంటే అదే అన్నిటికన్నా గట్టి ఆధారం, అది ఏ పతకమో తేలితే ఎలాంటివాళ్లకి ఇచ్చేవారో కూడా తేలుతుంది.

దయచేసి తడిగుడ్డతో మాత్రం తుడవకండి, రంగు ఊడిపోతుంది. పక్కనుంచి టార్చి వేసి ఫోన్‌లో ఫోటోలు తీయండి, కింది మూలల్లో సంతకం ఉందేమో, పటం వెనక ఏమైనా రాసి ఉందేమో చూడండి. చేతులూ బల్లా దగ్గరగా తీసిన ఫోటో పంపితే వచ్చే సంచికలో ఇంకా వివరంగా చెబుతాను.