జనం మాత్రమే దెయ్యాల్లా వస్తున్నారా?
స్టేజీ మీంచి హాలుని తీసిన ఐదు బ్రాకెట్ ఫ్రేములు (ఒకే దృశ్యాన్ని తక్కువ, ఎక్కువ వెలుగుతో తీసిన ఫోటోలు) కలిపితే బాల్కనీలు, షాండ్లియర్ బాగానే ఉండి సీట్లలో జనానికి రెండేసి మొహాలు వస్తున్నాయన్నారు కదా, అది ట్రైపాడ్ తప్పు కాదండి, ఎక్స్‌పోజర్, అంటే షటర్ తెరిచి ఉండే సమయం, ఒక సెకను ఉంటే గోడ కదలదు గానీ మనిషి కదుల్తాడు.

1. హాలు కోసం బ్రాకెట్లు ఇప్పుడు తీస్తున్నట్టే, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్8, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100.

2. అందరూ వదిలేసేది ఇదే. కెమెరా కదపకుండా, ఫోకస్, అపర్చర్, వైట్ బ్యాలెన్స్ ముట్టుకోకుండా, ఐఎస్ఓ ఒక్కటే 6400 చేసి 1/60 సెకనులో జనం కోసం విడిగా పది ఫ్రేములు కొట్టండి. పది ఎందుకంటే ఎవడో ఒకడు ఫోన్ చూస్తూనే ఉంటాడు, మొహం కింద నీలం వెలుగుతో.

3. వాటిల్లో మంచిది ఎడిటింగ్‌లో, కలిపిన హాలు ఫోటో మీద పై లేయర్‌గా పెట్టి సీట్ల వరకే కనిపించేలా మాస్క్ చేయండి, నాయిస్ (ఐఎస్ఓ పెంచితే వచ్చే చుక్కలు) అక్కడికే తగ్గించుకోండి.