మా వరంగల్ ఎంపీ ఏ బిల్లుకు ఎలా ఓటేశారో తెలుసుకోవచ్చా?

డివిజన్ ఓటింగ్ జరిగిన బిల్లులకైతే తెలుసుకోవచ్చు, మూజువాణి ఓటుతో నెగ్గిన వాటికి కుదరదు.

లోక్‌సభలో చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే నెగ్గుతాయి. అనుకూలమైన వాళ్లు అవునని, వ్యతిరేకులు కాదని అరుస్తారు. ఏ గొంతు ఎక్కువ వినిపించిందో స్పీకర్ నిర్ణయిస్తారు. ఎవరు ఏమన్నారో పేరుపేరునా రాయరు. ఎవరైనా సభ్యుడు ఒప్పుకోక డివిజన్ కోరితే, సాధారణంగా మీట నొక్కి ఓటేస్తారు. అప్పుడు పేర్లు సభా కార్యకలాపాల్లో అచ్చవుతాయి.

మన రాష్ట్రాన్ని ఇచ్చిన బిల్లే చూడండి. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో అది మూజువాణి ఓటుతోనే గట్టెక్కింది. అంత పెద్ద నిర్ణయానికీ పేర్ల పట్టిక లేకపోవడం బాధాకరమే. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు మాత్రం డివిజన్ జరిగింది: అనుకూలం 454, వ్యతిరేకం 2.

ఓటు రికార్డు దొరక్కపోతే ఎంపీ సభకే వెళ్లలేదని, లేదా దాస్తున్నారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. హాజరు వివరాలు వేరుగా ఉంటాయి. ప్రసంగాలు, మంత్రులకు వేసిన ప్రశ్నలు, వాటి జవాబులు సభ్యుడి పేరుతోనే లోక్‌సభ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. కాజీపేట రైల్వే పనుల గురించి అడిగారా లేదా అన్నది అక్కడే చూడొచ్చు.